ఆకు వెనక జవాబు

వీధిలో అందరికీ ఆమె లెక్కలక్క. ముందుగదిలో చాప పరిచి పన్నెండో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేది. ఆమె నోటుబుక్కుల్లో ఒక పద్ధతి ఉండేది. ఆకు ముందువైపు చేసిన ప్రతి లెక్కలోనూ కావాలనే ఒక తప్పు మెట్టు వేసేది. పిల్లలు దాన్ని పట్టుకోవాలి. సరైన లెక్క ఆకు వెనక ఉండేది. "చూసి తలూపితే లెక్క రాదర్రా, అనుమానపడండి" అనేది.

పరీక్ష ఇంకా పదిరోజులుందనగా, కళ్లజోడు పిల్ల బజారులో కొన్న కొత్త పుస్తకం పట్టుకొచ్చింది.

"అక్కా, సైన్ టూ ఎక్స్, సైన్ ఎక్స్‌కి సమానం. సున్నా నుంచి నూట ఎనభై దాకా జవాబులు కావాలి. రెండువైపులా సైన్ ఎక్స్ కొట్టేస్తే అరవై డిగ్రీలొక్కటే వచ్చింది."

"సైన్ ఎక్స్ సున్నా అయితేనో? ఎలా కొట్టేస్తావే?"

"కొట్టేసింది నేను కాదక్కా, పుస్తకం!"

లెక్కలక్క నవ్వుతూ పుస్తకం అందుకుంది. నవ్వు పెదవి మీదే ఆగిపోయింది. ఆ తప్పు మెట్టు తనది. పేజీలు తిప్పింది. ఇంటిగ్రేషన్ చివర ప్లస్ సి మరిచిన లెక్క, రూటు తీసి మైనస్ వదిలేసిన సమీకరణం, అన్నీ తనవే. అట్ట మీద పేరు మాత్రం చెల్లెలిది.

చెల్లెలు కాలేజీలో లెక్కల లెక్చరర్. మొన్నామధ్య లెక్కలక్క భర్త పోయినప్పుడు వచ్చి మూడు వారాలుంది. అక్కకు ముద్ద కలిపి తినిపించింది, తల దువ్వింది. "నోటుబుక్కులు దుమ్ము కొట్టుకుపోతున్నాయి, సర్దిపెడతా" అని లోపలి గదిలో కూర్చుంటే, మంచం పట్టిన లెక్కలక్క తోడబుట్టినదంటే ఇలా ఉండాలనుకుంది. చెల్లెలు సర్దలేదు, ఫొటోలు తీసుకుంది. అదీ ముందువైపులే. అక్క చేతి లెక్క కదా అని సరిచూసే శ్రమ కూడా పెట్టుకోలేదు.

లెక్కలక్క ఫోన్ చేసింది.

"నేను గోడకేసి తిరిగి ఏడుస్తుంటే, నా లెక్కలు ఎత్తుకుపోయావటే?"

"తీసింది ఫొటోలేగా! నోటుబుక్కులు నీ దగ్గరే ఉన్నాయిగా!" అంది చెల్లెలు. అంతలోనే గొంతు తగ్గించింది. "తప్పులున్నాయని ఒకటే ఫోన్లు. సవరణ కాగితం వేయించాలి. ఎక్కడెక్కడున్నాయో చెప్పక్కా. నా పరువు నీ చేతుల్లో ఉంది."

ఫోన్ పెట్టేద్దామనుకుంది లెక్కలక్క.

"మా క్లాసులో సగంమంది ఇదే బట్టీ పడుతున్నారక్కా" అంది పిల్ల, మెల్లగా.

లెక్కలక్క బీరువా తెరిచి నోటుబుక్కులు దించింది. చాప మీద చతికిలబడి, "ముందువైపు తప్పులు పిల్లలు పట్టుకోవాలని వేసినవే. సరైనవి ఆకు వెనకున్నాయి, రాసుకో" అంటూ ఆకులు తిప్పి ఒక్కొక్క లెక్కే చదివింది. అవతల చెల్లెలు ఊఁ కొడుతూ రాసుకుంది. పిల్ల లేచి లైటు వేసింది. నూట పన్నెండో లెక్కకు గొంతు బొంగురుపోయింది.

"అయిపోయాయి."

అవతల చెల్లెలు రాసుకున్న కాగితాలు తిరగేసింది.

"నిజం చెప్పక్కా. నా మీద కోపంతో మళ్లీ ఏవైనా తప్పులు పెట్టలేదు కదా?"

లెక్కలక్క ఫోన్‌ను పిల్ల చేతిలో పెట్టింది.

"మొదటినుంచీ మళ్లీ నువ్వు చదివి వినిపించవే. నేను చెబితే నమ్మేటట్టు లేదు."