కాళ్లకు కట్టిన జరీ

గోపాల్‌పేటలో ఆ పెండ్లికి నన్ను పిలిచింది ఒకే పని కోసం. పెండ్లికొడుకు అమ్మమ్మ మోకాళ్లు పట్టేసి నడవలేదు. గుడి దాకా సాగే ఊరేగింపును ఆమె ఇంటి ముంగిట కూర్చొని పెద్ద తెర మీద చూడాలి. నా డ్రోన్ పైనుంచి పంపే బొమ్మ తెగకుండా ఆ తెర మీదికి రావాలి.

మా తాత కాలంలో ఈ చుట్టుపక్కల పెండ్లిళ్లకు మా దొరల గడి నుంచి గుర్రం వెళ్లేది. గుర్రం పోయింది, గడి కూలింది, ఇప్పుడు డ్రోన్ వెళుతోంది. ఆ పనికి నేనేనాడూ తలదించుకోలేదు. కానీ నా పనిలో నా మాటే చెల్లకపోతే సహించలేను.

డ్రోన్ లేపబోతుంటే పెండ్లికొడుకు మేనమామ వచ్చాడు. ఇంటి దగ్గరి ఏర్పాట్లన్నీ ఆయనవే. కొత్త ట్రాక్టరైనా, బోరు బండైనా, గుడ్డ కట్టి బొట్టు పెట్టనిదే కదలనివ్వని మనిషి. పాత గద్వాల చీర అంచు రెండు ముక్కలు తెచ్చి, డ్రోన్ ముందు కాళ్లకు చుట్టి ముడివేశాడు.

"ఆడ కట్టొద్దు," అన్నాను. "బొమ్మను పంపే యాంటెన్నాలు ఆ కాళ్లల్లనే ఉన్నయి. పాత జరీ అంటే వెండి తీగ. అది చుడితే సిగ్నల్ రాదు. కావాల్నంటే నా రిమోట్‌కు కట్టు."

"రిమోట్ గాల్లకు లేస్తదా ఏంది? శుభమా అని కట్టిన. పుస్తె కట్టేదాంక ఇప్పొద్దు. దొరల జమానా పోయింది గని, జర డ్రోన్ నడుపు దొరా!"

చుట్టాలు పకపకా నవ్వారు. ఊరేగింపు అప్పటికే కదిలింది. పళ్లు బిగబట్టి డ్రోన్‌ను లేపాను. వీధి మలుపు దాటగానే తెర మీద పెండ్లికొడుకు ముఖం గళ్లుగళ్లుగా చీలిపోయింది. ఆ తరువాత తెర నల్లబడింది. సిగ్నల్ తెగితే డ్రోన్ బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. వచ్చి అమ్మమ్మ కుర్చీ ముందే దిగింది.

"డొక్కు మిషిని తెచ్చిండు!" అన్నాడు మేనమామ, నలుగురూ వినేలా.

"మిషిని మంచిగనే ఉన్నది. ఆ జరీ ఇప్పు!"

"శుభకార్యంల గవేం మాటలు?"

అంతదాకా నల్లటి తెరనే చూస్తున్న అమ్మమ్మ ముందుకు వంగి డ్రోన్‌ను పరికించింది.

"అరేయ్, గది నా పెండ్లి చీర అంచు గాదురా?"

"అవునమ్మా. మంచిదని నీ పెట్టెలకెల్లి తీసిన."

"తీసి కాళ్లకు కడ్తవా? నెత్తిన పెట్టుకునేదాన్ని కాళ్లకు కడ్తవారా, తెలివిలేనోడా! ఇప్పు ముందు!"

పుస్తె కట్టేదాకా ఇప్పకూడని ముడులను మేనమామే గోళ్లతో పీకి విప్పాడు. డ్రోన్ మళ్లీ లేచింది. గుడి ముందు పెండ్లికొడుకు, నుదుటి బాసికం, చెమట, అన్నీ తెర మీద స్పష్టంగా కనిపించాయి.

"వీడు నవ్వుతలేడేందిరా?" అంటూ అమ్మమ్మే నవ్వింది.

మేనమామ వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు: "అమ్మ నోటి మాట పడ్డది, బొమ్మ వచ్చింది."

"యాంటెన్నాలు కాళ్లల్లనే ఉన్నయి," అన్నాను మళ్లీ, గొంతు పెంచి.

"ఉన్నయిలే దొరా, ఎవరు కాదన్నరు? బువ్వ తిందువు రా."

నేను కదలలేదు. ఊరేగింపు ఇంకా గుడి లోపలికి చేరలేదు.