ఎడమవైపు పాయ

వెల్మి ఎవరితో పోట్లాడినా గొంతు పెంచేది కాదు. అంబోన్ దీవిలో గలాలా రోడ్డు మీద పొగచేపలు అమ్మే, అందరూ ఓమా అని పిలిచే యొసీనా అవ్వకు అదే ఒళ్లు మండేది. పోట్లాట అన్నాక నలుగురికీ వినపడాలి గానీ, పక్క కొట్టువాళ్లు పని మానుకుని చెవులు రిక్కించాలా? అయినా ఆ రోజు గెలిచింది మాత్రం వెల్మే. ఓమా కళ్లారా చూసింది.

చర్చి పాటల బృందాన్ని నడిపే మార్థా, పోటీ ముందు రోజు ఎనిమిది మంది ఆడపిల్లల్ని వెల్మి సెలూన్‌కి తోలుకొచ్చింది. అందరి జుట్టూ మందు పెట్టి సాపు చెయ్యాలి, వెనక్కి లాగి ముడెయ్యాలి, తలలన్నీ ఒక్కలా కనపడాలి. అదీ ఆవిడ హుకుం. అంబోన్ పిల్లల జుట్టు సముద్రం పక్కన పెరిగినట్టే అలలు అలలుగా ఉంటుంది. దాన్ని సాపు చెయ్యనంటే చెయ్యనంది వెల్మి.

"డబ్బిచ్చేది నేను," అంది మార్థా.

"జుట్టు మీది కాదుగా ఉసి," అక్కను పిలిచినట్టే మర్యాదగా అంది వెల్మి దువ్వెన తుడుచుకుంటూ.

"బృందం అన్నాక ఒకేలా ఉండొద్దూ?"

"మరి గొంతులు నాలుగు రకాలు ఎందుకు పెట్టుకున్నారు? అందరిచేతా ఒకటే గొంతు పాడించండి, నేనూ అందరికీ ఒకటే తల చేస్తాను."

పిల్లలు నవ్వాపుకోలేకపోయారు. మార్థా ముఖం ఎండిన సగ్గు రొట్టెలా బిగుసుకుపోయింది. చివరికి ఎనిమిది మందీ భుజాల దాకా జుట్టు వదిలేసుకునే పాడారు. బహుమతి రాలేదు. మార్థా ఆ జుట్టునే తిట్టింది గానీ, వెనక వరసలో మగవాళ్ల బొంగురు గొంతుల్ని పల్లెత్తు మాట అనలేదు.

ఓమాకూ అప్పుడది ఒట్టి మొండితనంగానే కనపడింది. చేతికొచ్చిన పని కాలదన్నుకునే మనిషిని ఏమనాలి?

వెల్మి పద్ధతులన్నీ అలాంటివే. వేరే సెలూన్లలో కుర్చీలో కూర్చోగానే నీళ్లు చల్లుతారు. ఈవిడ తడిపేది కాదు, దువ్వేదీ కాదు. పొడి జుట్టును కాసేపు ఊరికే చూసేది. ఏ పాయ ఎక్కడ వంపు తిరుగుతుందో చూసుకుని, ఆ వంపు కింద కత్తెర పెట్టేది. తడి జుట్టు సాగి అబద్ధం చెబుతుందనీ, ఆరాక రెండు వేళ్లు పైకెగురుతుందనీ అనేది. పక్కనే ఉన్న ఓమా కొట్టు నుంచి తల నిండా చేపల పొగ పట్టిందని ఎవరైనా గొణిగితే, ఆ వాసనకు వేరే డబ్బు తీసుకోనులే అని నవ్వేది.

అలాంటి మనిషి రొమ్ములో గడ్డను బట్టల కింద దాచుకుని ఏడాది పనిచేసింది. మకస్సర్ పెద్దాసుపత్రిలో కోయించుకుని వచ్చేసరికి కుడిచెయ్యి అరటిబోదెలా వాచిపోయింది. కత్తెరలో బొటనవేలు దూరదు.

ఆమె అక్కడ మంచం మీద ఉన్న రోజుల్లోనే లోదియా వేరేచోట జుట్టు కత్తిరించుకుంది. ఆ ఎనిమిది మందిలో ఒకతె లోదియా. సేరామ్ దీవి నుంచి వచ్చి, పిన్ని ఇంట్లో ఉంటూ మందుల కొట్లో పనిచేసేది. కొత్త సెలూన్‌వాళ్లు జుట్టు తడిపి, సాగదీసి, చెవి కిందికి కొలిచి కత్తిరించారు. మినీబస్సులో సముద్రం గాలికి ఆరుతూ ఆరుతూ అది పైకి లేచింది. ఆ పిల్ల గలాలాలో దిగి, మూసి ఉన్న వెల్మి సెలూన్ ముందు ఎడమచెవిని అరచేత్తో కప్పుకుని నిలబడింది. చెవిపోటేమో, నూనె వెచ్చబెట్టి పోద్దామని ఓమా ఆ చెయ్యి లాగింది.

చెయ్యి కింద చెవి లేదు. కరిగి గట్టిపడ్డ చర్మం, మెడ దాకా.

చిన్నప్పుడు సేరామ్‌లో కిరోసిన్ స్టవ్ పేలిందట. తల్లి పోయింది, పిల్ల మిగిలింది. ఈ ఊళ్లో ఆ సంగతి పిన్నికీ వెల్మికీ తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క చెవిని కాయడానికి ఎనిమిది తలల జుట్టు విడిపించిందన్నమాట వెల్మి. ఓమా తన భుజం మీది గుడ్డ పిల్ల తలకు చుట్టి ఇంట్లో దిగబెట్టి వచ్చింది.

ఆనాటి నుంచి లోదియా గడప దాటలేదు. పాటా మానేసింది, పనీ మానేసింది. వెల్మి ఊరొచ్చీ రాగానే ఆ ఇంటికి వెళ్లింది. వర్షాలు తగ్గేసరికి మళ్లీ పెరుగుతుందని చెప్పింది. పెరిగితే పెరగనీ, ఇంకెవరి చేతికీ తల ఇవ్వనంది పిల్ల. కానీ మరీ పెరిగితే బరువుకు వంపు సాగిపోతుంది, చెవి మళ్లీ బయటపడుతుంది. భుజం దాకానే ఉండాలి.

అక్కడినుంచి వెల్మి నేరుగా చేపల కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. రోగం ఎముకల్లోకి పాకిందని చెప్పింది. తువ్వాలులో చుట్టిన కత్తెర బల్ల మీద పెట్టింది.

"వెన్నుముల్లు విరక్కుండా చేపను చీలుస్తావే ఓమా, ఆ చెయ్యి కావాలి నాకు."

"నేను మనుషుల తల ముట్టుకున్నది పేలు చూడ్డానికే. పైగా నా నోటి సంగతి నీకు తెలియంది కాదు."

"చెవి సంగతి ఇన్నాళ్లూ ఎవరికి చెప్పావు?"

ఓమా పొయ్యిలో కొబ్బరిచిప్పలు ఎగదోసింది.

"నా జుట్టు ఇంకా ఊడలేదు. రేపటినుంచి దానిమీద నేర్చుకో," అంది వెల్మి. "వర్షాలు తగ్గాక లోదియా నీ దగ్గరికైతే వస్తుంది, అప్పటికి నేనుండను. తడపకు. ఎడమవైపు పాయ లోపలికి తిరిగిన చోట ఆగిపో. కత్తిరించినంతసేపూ ఏదో ఒకటి వాగుతూనే ఉండు ఓమా. నువ్వు ఊరుకున్నావంటే చెవినే చూస్తున్నావని దానికి తెలిసిపోతుంది."