రెక్క మీది మచ్చ

నాయిన వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపాడు. శామీర్‌పేట దగ్గర ఆయన కౌలుకు చేస్తున్న భూమిలో, బీర ఆకు మీద కూర్చున్న ఈగ. "గిదేం ఈగనో జూడు బిడ్డా, కాయలల్ల పురుగు వడ్తాంది" అని కింద వాయిస్ మెసేజ్. ఆయనకు ఆ భూమి ఉంటుందో పోతుందో ఆ పంట మీదే ఉంది. బీర బాగా వస్తే ఇంకో ఏడాది చేసుకొమ్మని, లేకుంటే ప్లాట్లు చేసేస్తానని ఆసామి ముందే చెప్పేశాడు.

నేను జంతుశాస్త్రం చదివినదాన్ని. మేడ్చల్‌లో పిల్లలకు పాఠాలు చెబుతాను. ఫొటో చూసి పురుగు పేరు చెప్పడమంటే నాకదో గర్వం. బస్సులో నిలబడే చూశాను. ఒంటి మీద పసుపు చారలున్నాయి. గట్టు మీద రెండు మామిడి చెట్లున్నాయని తెలుసు. ఇంకేం, మామిడి ఈగ, బాక్ట్రోసెరా ప్రజాతి అని తేల్చేశాను. దానికి పనిచేసే ఎర డబ్బాలు కొని పంపి, బీర పందిరికి కట్టమన్నాను.

మొదటి వారం నాలుగైదు ఈగలు పడ్డాయట. తర్వాత డబ్బాలు ఖాళీ. "ఇగ లేవు బిడ్డా, ఒక్కటి గూడ వడ్తలేదు" అన్నాడు సంబరంగా. "అయితే పోయినట్టే నాయినా, మందు గూడ కొట్టకు" అన్నాను. నా నోరు పడిపోను, ఎంత ధీమాగా అన్నానో.

ఇరవై రోజులకు ఆ కుళ్ళు వాసనకు పందిరి కింద నిలబడలేకపోయాం. కోసి చూసిన ప్రతి కాయలోనూ తెల్ల పురుగులే. ఇంటికొచ్చి ఫొటోలు మళ్ళీ తెరిచాను. మూడోదాంట్లో ఈగ రెక్క విప్పి ఉంది. మామిడి ఈగ రెక్కకు ముందు అంచున సన్నటి గీతే ఉంటుంది, మిగతాదంతా తేటగా ఉంటుంది. దీనికి ఆ గీత కొసన వెడల్పై మచ్చ కట్టింది, రెక్క మధ్యలో అడ్డంగా ఇంకో నల్లటి మరక. ఇది జ్యూగోడాకస్, తీగ కాయలను పొడిచి గుడ్లు పెట్టే ఈగ. దీనికి ఎర వేరే. నేను పంపిన డబ్బాల వైపు ఇది తొంగి కూడా చూడదు; మొదటి వారం పడ్డవి గట్టు మీది మామిడి చెట్ల ఈగలే. ఫొటో కాస్త పెద్దది చేసి చూస్తే సరిపోయేది, ఆ మాత్రం ఓపిక లేకపోయింది నాకు.

ఆసామి వారంలోపే పందిరి గుంజలు పీకించి హద్దురాళ్ళు పాతించాడు. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు, అడగనూ లేదు. నా తప్పు చెబుదామని పోయిన ప్రతిసారీ అన్నం తిని వచ్చేశాను. పిరికిదాన్ని.

మొన్న వానలు పడగానే, నేను నాయిన ఇంట్లో ఉన్నప్పుడే, పక్కింటి అవ్వ వచ్చింది. మా వాడలో ఎవరు పాదు పెట్టినా మొదటి గింజ నాయినే వేయాలి, ఆయన చెయ్యి మంచిదని అందరి నమ్మకం. "పెరట్ల సొర పెడ్తున్న, జర వచ్చి గింజేసి పో కొడుకా" అంది.

నాయిన మంచం మీది నుంచి లేవలేదు.

"ఇగ నన్ను పిలువకు అవ్వా. నా బిడ్డ సక్కగనే జెప్పింది, డబ్బాలు పంపింది, ఈగలు గూడ పోయినయి. గంత జేసినా కాయ కుళ్ళిందంటే నా చెయ్యే మంచిగలేదు."

నేను గడపలోనే నిలబడి ఉన్నాను. అవ్వ నా వైపు చూసింది. లోపలికి పోయి ఆమెకు చాయ్ పెట్టాను.