గోడ మీద పెట్టిన గిన్నె

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి ఊళ్లన్నీ మూతపడిన వేసవిలో, తెనాలిలో మా నాన్న పేరు మారుమోగిపోయింది. మాకు భోజనం హోటల్ ఉండేది. బల్లలన్నీ ఎత్తి గోడకు చేర్చేసినా పొయ్యి మాత్రం ఆర్పలేదు. నాన్నా, ఇంకొందరు హోటళ్లవాళ్లూ కలిసి ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్లకూ నర్సులకూ రోజూ మధ్యాహ్నం భోజనం పొట్లాలు ఇచ్చేవారు. ఇచ్చేముందు ఒక బ్యానరు కట్టి, దాని ముందు ఫొటో దిగేవారనుకోండి. అలాగని వెటకారం చేయడం లేదు. వంటవాళ్లు రాక, ఆ ఎండల్లో నాన్నే చేతులు కాల్చుకుని వండేవాడు. అందరూ మహానుభావుడని అంటుంటే నాకు కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

పక్కింటి మేడ మీద గదిలో అద్దెకుండే అక్క ఆ ఆసుపత్రిలోనే నర్సు. సొంతూరు రేపల్లె. నాకు లెక్కలు చెప్పేది, జడ వేసేది. రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. మా కూర గిన్నె అటు వెళితే ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చేది కాదు. వట్టి గిన్నె ఇవ్వకూడదని మా వైపు అందరికీ పట్టింపు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు.

అక్కకు కరోనా వార్డులో డ్యూటీ పడ్డాక వీధి వీధంతా తలుపులు వేసుకుంది. గది ఖాళీ చేయమని ఇంటివాళ్లు రోజూ సణిగేవారు. మీ ఇంటి అండ ఉంటే ఎలాగో ఉండిపోతానని అక్క మా నాయనమ్మతో అంది. నాకూ అదే కావాలి.

ఒకరోజు పొద్దున్నే మా గిన్నె గోడ మీద కనిపించింది. ఎప్పుడో అమ్మ గోంగూర పచ్చడి వేసి పంపిన గిన్నె. అందులో నాలుగు నిమ్మకాయలు. నేను చెయ్యి చాపేలోగా నాన్న ముట్టుకోవద్దని కేకేశాడు. బూజుకర్ర తెచ్చి, దాని కొసతో గిన్నెను తోశాడు. అది మా వాకిట్లో పడి గణగణమని మోగింది, నిమ్మకాయలు తలో దిక్కుకూ దొర్లాయి. తలెత్తి చూస్తే మేడ మీద అక్క నిలబడి ఉంది.

తిట్టినా బాగుండేది.

"గిన్నె మరగబెట్టే పెట్టానండి బాబాయిగారూ. కాయలు కూడా ఉప్పునీళ్లలో కడిగానండి. ఏమీ అనుకోకండి," అంది.

ముందురోజే ఆమె చేతికి పొట్లం అందిస్తూ నాన్న ఫొటో దిగాడు. ఇప్పుడు ఆమే మమ్మల్ని ఏమీ అనుకోవద్దంటోంది. నాన్న కర్ర పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆయన మొహం చూడాలంటే నాకు సిగ్గేసింది.

ఆ హోటల్ పెట్టిన మనిషి మా నాయనమ్మ. ఆవిడ వంగి కాయలన్నీ ఏరుకుంది. కడిగి, కోసి, మజ్జిగలో పిండి ఇంటిల్లిపాదికీ తలో గ్లాసు ఇచ్చింది. నాన్న వద్దన్నాడు.

"నువ్వు పెట్టింది ఆ పిల్ల తినట్లా? ఆ పిల్ల ఇచ్చింది నీకు పనికిరాదా? అయితే నువ్వేసేది ముష్టిరా, అన్నం కాదు," అంది నాయనమ్మ.

నాన్న తల వంచుకుని తాగాడు. మేమూ తాగాం. ఆ తర్వాత నాయనమ్మ గోడ దగ్గరికి వెళ్లి, "అమ్మాయ్, అమ్మాయ్" అని చాలాసేపు పిలిచింది. అప్పటికే అక్క డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం తిరిగి రాలేదు. మర్నాడు ఆసుపత్రి ఆయా వచ్చి ఆమె సామాను తీసుకెళ్లింది. ఇక అక్కడే ఏదో గదిలో ఉంటుందట. మధ్యాహ్నం పొట్లాలు మామూలుగానే వెళ్లాయి, నాన్న మాత్రం ఫొటోకు నిలబడలేదు.

అది జరిగి యాభై ఏళ్లు దాటింది, ఇప్పుడు నాకు మనవలు పుట్టారు. ఎవరింటికి వెళ్లినా, వాళ్లు ఏం పెట్టినా వద్దనను. కడుపు నిండుగా ఉన్నా తింటాను. ఎంత కలుపుగోలు మనిషో అని ఆ ఇంటివాళ్లు మురిసిపోతారు. వాళ్లకేం తెలుసు, నాకు ప్రతి ముద్దా సిగ్గుతోనే గొంతు దిగుతుందని.