చలి పడ్డాక విప్పాల్సిన గడియారం

నా భార్య పోయిన నెల చనిపోయింది. పదకొండు రోజులు జ్వరం. ఇరవై ఏళ్లు ఆమె పనిచేసిన మెదక్ మిషన్ దవాఖానలోనే, కిటికీ పక్క మంచం మీద, ఉదయం ఏడుంబావుకు. ఆ సమయం నాకు కచ్చితంగా తెలుసు. ఆమె గడియారం అప్పుడు నా చేతిలో ఉంది.

మీలో చాలామందికి ఆమె నర్సమ్మగా తెలుసు. మీ పిల్లలు ఆమె చేతుల్లోకే పుట్టారు. ఆ సంగతులు నాకంటే మీకే బాగా తెలుసు. నేను ఆ గడియారం గురించి రాస్తాను. నాకు తెలిసిన ఆమె అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

అది స్విట్జర్లాండు గడియారం. జేబులో పెట్టుకునేది. బంగారు మూత, కింద సెకన్ల ముల్లుకు వేరే చిన్న వృత్తం. ఒక జాగీర్దారు ఇంట్లో కష్టకాన్పు గట్టెక్కించినందుకు ఇచ్చారు. నాలాంటి బడిపంతులు కొనగలిగింది కాదు. పెట్టెలో దాచుకొమ్మని అందరూ చెప్పారు. ఆమె దానికి నల్లతాడు కట్టి, తెల్ల ఏప్రన్ జేబులో వేసుకుని, నాడి చూడటానికి వాడింది. నాడి చూస్తున్నప్పుడు ఎవరైనా మాట్లాడితే, డాక్టరైనా సరే, కళ్లతోనే ఆపేది.

పొద్దున చర్చి మొదటి గంట కొట్టగానే దానికి చావి ఇచ్చేది. రాత్రిపూట నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "రాత్రి చేతులు అలిసి ఉంటయి. తెల్వకుంట గట్టిగ తిప్పుతం" అనేది.

దాన్ని విప్పే మనిషి ఒక్కడే. బజారులో ఉత్తరం వైపు తలుపున్న చిన్న కొట్టు, గడియారాల సాయిబు. ఆమె ఆయన్ని చాచా అని, బాబాయిని పిలిచినట్టు పిలిచేది. మూడేళ్లకోసారి, గడియారం బాగా నడుస్తున్నా సరే, ఆయన దగ్గరికి తీసుకెళ్లేది. మొదటిసారి నేనూ వెంట వెళ్లి, నిమిషం తేడా రాని దాన్ని విప్పడం ఎందుకని అడిగాను.

"నడుస్తున్నది గదా అని అందరు నడిపిస్తరు సార్" అన్నాడు సాయిబు. "లోపట నూనె ఎండిపోతది. ఎండినంక గూడ నడుస్తది. గప్పుడే ఇరుసులు అరుగుతయి. ఆగినంక తెస్తే నేనేం జెయ్యాలె?"

వానల్లో విప్పడు, గాలిలో తడి ఉంటుందని. ఎండల్లో విప్పడు, దుమ్మని. దీపావళి దాటి చలి పడ్డాక, పొద్దుటి వెలుతురులో మాత్రమే. అంతకుముందు ఎవరు తెచ్చినా వెనక్కి పంపుతాడు. నా చేతి గడియారాన్ని మాత్రం అడక్కుండానే చూసి నవ్వాడు.

"సార్ గడియారం సార్ లెక్కనే ఉంది బిడ్డా. అడుగుతెనే చెప్తది."

"గది గూడ తప్పు చెప్తది చాచా" అంది నా భార్య. ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

రజాకార్ల ఏడు మళ్లీ మూడేళ్లు నిండాయి. ఆమె తీసుకెళ్తే సాయిబు చెయ్యి చాపలేదు. "గీ ఏడు నా దగ్గర పెట్టకు బిడ్డా. బంగారం అడిగెటోళ్లు వస్తున్నరు. వాళ్లకు లేదని చెప్పలేను." ఆమె దాన్ని దవాఖానలో దూది డబ్బాలో దాచింది. ఊళ్లో రజాకార్లు, నర్సాపూర్ అడవి వైపు సంగపోళ్లనే కమ్యూనిస్టు దళాలు, దారికి అడ్డంగా నరికిన చెట్లు. కాన్పులు దేనికీ ఆగలేదు. ఎడ్లబండి వస్తే ఎక్కేది. ఎవరి మనుషులని అడిగేది కాదు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని అడిగేది.

మరుసటి సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఆ తర్వాత చలి పడింది. గడియారం ఇవ్వొద్దని నేను అన్నాను. సాయిబులు భయంతో తలుపులు వేసుకున్న రోజులు. ఎవరు ఎప్పుడు ఎటు పోతారో తెలియదు. అంతా సద్దుమణిగాక హైదరాబాదులో పెద్ద దుకాణానికి పంపుదామన్నాను.

"నాలుగేండ్లయింది. లోపట ఎండిపోయి ఉంటది" అని ఆమె పోయి సాయిబుకే ఇచ్చి వచ్చింది.

నెల తిరగలేదు. ఆమె హవేలిఘనపూర్‌కు కాన్పు కోసం వెళ్లి రెండు రోజులైంది. బట్టల కొట్టు సేటు బడి దగ్గరికి వచ్చాడు.

"సార్, మీ బంగారు గడియారం సాయిబు జేబుల చూసిన. తాడు గూడ గదే. మూట పట్టుకొని నర్సాపూర్ బస్సు ఎక్కిండు. ఇగ వస్తడా?"

ఆయన కూతురు నర్సాపూర్‌లో ఉందని చెప్పాను.

"బిడ్డ తానికి పోతే మీ గడియారం ఎందుకు సార్ జేబుల? చదువుకున్నోళ్లు, నేను చెప్పాల్నా?"

చదువుకున్నవాణ్ని కాబట్టి దరఖాస్తు ఇంగ్లీషులో రాశాను. నాలుగు వాక్యాలు. కొత్తగా వచ్చిన ఒక అధికారి చదివి, దస్తూరి బాగుందన్నాడు. ఆ సాయంత్రమే సాయిబును కూతురి ఇంటి నుంచి పట్టుకొచ్చారు. ఆ రోజుల్లో అనుమానితులను ఊరి బయట ఒక గోదాములో ఉంచేవారు. అక్కడ పెట్టారు. దరఖాస్తు ఎవరిదో ఆయనకు చదివి వినిపించారు.

మర్నాడు నా భార్య వచ్చింది. చెప్పాను. చేతిలో సంచి దించకుండానే విన్నది.

"ఏమని రాసిండ్రు?"

"ఎత్తుకపోయిండని."

"నూనె వేసినంక నెల దినాలు ఒంటి మీద పెట్టుకొని చూస్తడు. బల్ల మీద నడిచినట్టు మనిషి వేడికి నడవదు. కూసుంటె ఎట్లుంటది, నడుస్తె ఎట్లుంటది, బస్సుల ఊగితె ఎట్లుంటది, గన్ని తీర్ల చూసినంకనే ఇస్తడు. ప్రతిసారి గంతే. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. పన్నెండేళ్లుగా ఆ గడియారం మా ఇంట్లో ఉంది. వెళ్లినప్పుడల్లా తిరిగి రావడానికి నెల ఎందుకు పడుతుందో నేను ఒక్కసారీ అడగలేదు.

దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు ఇంకో కాగితం రాసి ఇచ్చాను. నేను చేసింది అంతే. ఆమె ఆరు రోజులు గోదాము చుట్టూ తిరిగింది. ఏడో రోజు ఆయన్ని బండిలో ఇంటికి చేర్చింది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. బొటనవేలి పక్క రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. సన్న పట్కారు పట్టే వేళ్లు అవే.

గడియారాన్ని కాగితంలో చుట్టి నాకు అప్పగించారు. అంత బాగా అది ఎన్నడూ నడవలేదు.

ఆ తర్వాత సాయిబు కొట్టు తెరవలేదు. ఇళ్ల వెంట తిరిగి గోడగడియారాలకు ఎడమచేత్తో చావి ఇచ్చేవాడు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నా భార్య ఆయన ఇంటికి వెళ్లి ఆ వేళ్లకు నూనె రాసి వచ్చేది. నాతో పోట్లాడలేదు. అన్నం వడ్డించింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది, ఎప్పటిలా బడి గంట ఆలస్యమని ఎగతాళి చేసింది. ఒక్కటే అడిగింది.

"ఒక్కపారి పోయి మీ నోటితోని చెప్పుండ్రి. తప్పయిందని. గంతే."

పోతానన్నాను. ఆయన బజారులో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాణ్ని. మూడేళ్లు.

ఈ ఏడు వానలు తగ్గుతుండగా ఆమె ఆ మాట మళ్లీ ఎత్తింది. "చలి పడితే మూడేండ్లు. ఇగ ఎవరి చేతికి ఇయ్యాల్నో చాచాకే ఎరుక. నేను అడుగ. మీరు పోయి అడుగుండ్రి. గా మాట గూడ గప్పుడే చెప్పుండ్రి."

నాకు దారి చూపించింది. ఏదో పని మీద వెళ్లినట్టు వెళ్లి చెప్పవచ్చు. పరీక్షలు కానివ్వమన్నాను. అంతలో జ్వరం వచ్చింది.

తొమ్మిదో రోజు కళ్లు తెరిచింది.

"పోయిండ్రా?"

"పోయిన."

"ఏమన్నడు?"

"హైదరాబాదుల ఒకాయన ఉన్నడన్నడు."

"గంతేనా?"

"గంతే."

ఆమె వేళ్లు నా మణికట్టు మీద ఉన్నాయి, నాడి దగ్గర. కాసేపు ఉంచి తీసేసింది. ఆ తర్వాత ఆ సంగతి అడగలేదు.

ఇప్పుడు చలి పడింది. గడియారం నా బల్ల మీద నడుస్తున్నది. పొద్దున నేనే చావి ఇస్తున్నాను. నడిపిస్తే అరుగుతుందని తెలుసు, ఆపలేను. తీసుకెళ్లడానికి చోటు లేదు. ఇదంతా రాయడం ఆయనకు చెప్పినట్టు కాదు. ఆయనకు తెలుగు చదవడం రాదు.

ఆమె ఖననం రోజు సమాధి దగ్గరికి సాయిబు వచ్చాడు. పాదిరిగారి ప్రార్థన ముగిసేదాకా గోడ బయట నిలబడి, తర్వాత మట్టి వేసేవాళ్ల వరుసలో చేరాడు. నా ముందుకు వచ్చినప్పుడు "సార్" అన్నాడు. నేను "చాచా" అన్నాను. అలా పిలవడం అదే మొదలు. ఆయన ఆగి చూశాడు. వెనక జనం ఉన్నారు. నేను తల దించుకున్నాను.

ముసల్మానుల్లో మూడు గుప్పిళ్లు వేస్తారు. ఆయన వంగి కుడిచేత్తో మట్టి తీసుకున్నాడు. వేళ్లు మూసుకోలేదు. సందుల్లోంచి మట్టి కారి, గుంటలోకి కొంచెమే చేరింది. మళ్లీ వంగాడు. ఎడమచెయ్యి వాడలేదు. మూడోసారి అరచేతిలో తడిమట్టి ముద్ద ఒక్కటే మిగిలింది. దాన్ని వేయడానికి చెయ్యి తిరగేశాడు. అది అంటుకుని పడలేదు. చెయ్యి అలాగే గుంట మీద చాపి, పడేదాకా నిలబడ్డాడు.