పోగు గుంజి చూసిన ప్లగిన్

మేడారం జాతరకు నెల రోజుల ముందు, వరంగల్ కొత్తవాడలోని ఒక జంపఖానా నేత సంఘానికి వెబ్‌సైటు కట్టే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను హన్మకొండలో ఒక జిరాక్సు దుకాణం పైనున్న వెబ్ డిజైన్ ఆఫీసులో సీనియర్ డెవలపర్‌ని. జూనియర్లు ఎవరూ లేరు. జీతం పెంచడం కుదరని ఏడాది మా బాస్ నాకు ఇచ్చిన హోదా అది. ఇరవై తొమ్మిదో ఏట ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. సన్మానం జరగలేదు. ఇప్పుడు నర్సంపేటలో మా మామ విత్తనాల దుకాణంలో కూర్చుంటున్నాను. పత్తి గింజలు కొనడానికి వచ్చి "ఆ వెబ్‌సైట్ల పని ఎట్లుండేది?" అని అడిగేవాళ్ల కోసం ఈ ఒక్క సంగతి రాస్తున్నాను.

సంఘానికి పన్నెండు మగ్గాలు. ఆ చలికాలం ఏడింటికి పని లేదు. హైదరాబాద్ శివారులో రిసార్టు కడుతున్న ఒకాయనకు గదులన్నింటికీ జంపఖానాలు కావాలి. ఆయన దగ్గర కొనుగోళ్లు చూసే మేడం, సంఘం అధ్యక్షుడు మొగిలన్నకు ఫోన్ చేసింది. జాతర వారంలో గురువారం పదకొండు గంటలకు తమ సారు సంఘం సైటు చూస్తారనీ, నచ్చితే ఆర్డర్ వీళ్లకు, లేకుంటే వేరే ఊరి నేతగాళ్లకు అనీ చెప్పింది.

ఇక మా వృత్తి రహస్యం. మేము కోడ్ రాసి సైట్లు కడతామని జనం అనుకుంటారు. మేమూ కాదనం. నిజానికి పేజ్ బిల్డర్ అనే ప్లగిన్ తగిలిస్తాం. ప్లగిన్ అంటే సైటుకు బిగించే అదనపు పనిముట్టు. ఇది బిగిస్తే ఫోటోలనూ రాతనూ మౌస్‌తో లాగి కావలసిన చోట పెట్టుకోవచ్చు. ఉచితంగా దొరికే బిల్డర్లలో మామూలు పెట్టెలు ఉంటాయి. ఏటా లైసెన్స్ కట్టే వాటిలో ఫారాలు, హంగులు, కదిలే బొమ్మలు ఉంటాయి. కట్టడం మానేస్తే అప్‌డేట్లు ఆగిపోతాయి.

నేను పెయిడ్‌దే కావాలన్నాను. అందులో ఒక జంపఖానా చుట్ట తనంతట తాను విప్పుకుంటూ తెర మీదకు దొర్లివచ్చే ఏర్పాటు ఉంది. అది చూసి నాకు మతి పోయింది. రెండు రకాలనూ పోలుస్తూ ఒక పట్టిక తయారుచేసి కమిటీకి చూపించాను. పెయిడ్ వైపు టిక్కులు ఎక్కువ వచ్చాయి. టిక్కులు పెట్టింది నేనే కాబట్టి ఫలితం నన్ను ఆశ్చర్యపరచలేదు.

"ఫుకట్ల అచ్చిందాన్ల ఏం దమ్ముంటదే తమ్మీ? పైసల్దే పెట్టు," అన్నాడు మొగిలన్న.

కమిటీలో పెద్దది కొమురమ్మ. మగ్గం మీద జీవితం గడిపిన మనిషి. పట్టిక వైపు చూడనైనా చూడలేదు. "రెండూ జానెడు జానెడు నేసి తే బిడ్డా. అప్పుడు చెప్త," అంది.

అది ఆ సంఘం పద్ధతి. కొత్త నూలు వస్తే దాని గొప్పలు వినరు. జానెడు ముక్క నేసి, అంచు కత్తిరించి, ఒక పోగు గుంజుతారు. ముక్క నిలిస్తే కొంటారు, విడిపోతే వాపసు పంపుతారు. సరేనని నేనూ రెండు నమూనాలు చేశాను. పెయిడ్ బిల్డర్‌ను కొన్నాళ్లు ఊరికే వాడి చూడనిచ్చే ట్రయల్‌తో కట్టిన దొర్లే జంపఖానా పేజీని సైటులో పెట్టేశాను. ఫ్రీ బిల్డర్‌తో మూడు ఫోటోలు, కొలతలు, మొగిలన్న ఫోన్ నంబరుతో ఒక పేజీ చేసి లోపల దాచాను. సవతి బిడ్డకు జడ వేసినంత శ్రద్ధతో చేశాను దాన్ని.

గురువారం పది గంటలకు కమిటీ కూర్చుంది. కొమురమ్మ రెండూ చూసింది. "మంచిగున్నయ్. ఇగ పోగు గుంజు."

నాకు అర్థం కాలేదు.

"అదే, నీ మిషినేదో ఉన్నది గదా, దాన్ని తీసెయ్. తీసినంక పేజీ ఏమైతదో చూద్దాం. రేపు మీరు దుకాణం బంద్ వెట్టిపోతె మాకేం మిగుల్తది?"

నియమం ప్రకారం ఇలాంటి ప్రయోగాలు సైటుకు నకలు తీసి, ఆ నకలు మీద చేయాలి. దాన్ని స్టేజింగ్ అంటారు. అరగంట పని. నేను నకలు తీయకుండా అసలు సైటు మీదే పెయిడ్ ప్లగిన్ ఆఫ్ చేశాను. మా వృత్తిలో దీన్ని ఆత్మవిశ్వాసం అంటారు. గంట తర్వాత పేరు మారుతుంది.

ఫోటోలు మాయమయ్యాయి. పేజీ పొడవునా ప్లగిన్ తన కోసం రాసుకున్న బ్రాకెట్లు, వాటి మధ్య అంకెలు.

"ఏందిర గిది? జంపఖానలేడ వొయినయ్?" మొగిలన్న లేచి నిలబడ్డాడు.

"గిన్ని కొండ్లేంది బిడ్డా, చాపల గాలాల లెక్క?" అంది కొమురమ్మ.

వెంటనే మళ్లీ ఆన్ చేశాను. ట్రయల్ గడువు అయిపోయిందని, డబ్బు కట్టినవాళ్లకు ఇచ్చే లైసెన్స్ కీ కొట్టమంది. బాస్ ముందే కొన్న కీ ఆయన మెయిల్‌లో ఉంది. ఆయన మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కు తీర్చుకోవడానికి వరుసలో ఉన్నాడు. బంగారం అంటే అక్కడ బెల్లం. ఆరుసార్లు ఫోన్ కలవలేదు. ఏడోసారి కలిసింది. డప్పులు వినిపించాయి. "ఏందీ? గట్టిగ మాట్లాడు!" అన్నాడు. కట్టయింది. టైము పదీ నలభై.

"ఏడు మగ్గాలు తమ్మీ," అన్నాడు మొగిలన్న. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

కొమురమ్మ ఒక్కతే కదలలేదు. "రెండోదాని పోగు గుంజినవా?"

ఫ్రీ ప్లగిన్ ఆఫ్ చేశాను. ఫోటోలన్నీ ఎడమ పక్కకు జరిగి ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. రాతంతా ఉంది. ఫోన్ నంబరు ఉంది. రేషన్ దుకాణం బోర్డులా ఉంది గానీ, ఉంది.

"గిది నిలవడ్డది. గిదే పెట్టు."

"పెద్దమ్మా, దీన్ల జంపఖాన దొర్లది," అన్నాను. అంత ఆపదలోనూ నాకు అదే బెంగ.

"దొర్లే జంపఖాన మీద ఎవలు కూసుంటరు బిడ్డా?"

ప్లగిన్ మళ్లీ ఆన్ చేసి, ఆ పేజీని ముందు పేజీగా మార్చాను. పదకొండుకు ఆరు నిమిషాలు తక్కువ.

పదకొండుంబావుకు మొగిలన్న ఫోన్ మోగింది. రిసార్టు సారే. ఇసుక కుప్పల మధ్య, అరకొర సిగ్నల్‌లో కూడా పేజీ టక్కున తెరుచుకుందట. నంబరు కనిపించింది, చేశాడు. ఎర్ర అంచుది పన్నెండు అడుగుల వెడల్పుతో వస్తుందా అని అడిగాడు. ఆయన మాట పూర్తికాకముందే మొగిలన్న "అస్తది సారూ, ఎంతంటె అంత" అన్నాడు. కొమురమ్మ ఫోన్ గుంజుకుంది.

"రాదు సారూ. మా మగ్గం మీద ఆరే అస్తది. రెండు కలిపి కుడ్త, కుట్టు కనవడది. కనవడితె వాపస్ పంపు."

ముందు సగం గదులకు నేయమన్నాడు, చూసి మిగతా సగం చెప్తానన్నాడు. మరుసటి వారం పదకొండు మగ్గాలు నడిచాయి. పన్నెండోదాని మనిషి ఇంకా మేడారం నుంచి రాలేదు. మా బాస్ సోమవారం వచ్చి నాకు ఒక బెల్లం ముక్క, లైసెన్స్ కీ ఇచ్చాడు. బెల్లం తిన్నాను.

పెయిడ్ ప్లగిన్లు పనికిరావని నేను చెప్పడం లేదు. ఆ తర్వాత ఒక కోచింగ్ సెంటర్‌కు పెయిడ్‌దే పెట్టించాను. వాళ్లకు అడ్మిషన్ ఫారాలు కావాలి, ఏటా కట్టే ఓపికా ఉంది. అయితే పెట్టే ముందు నకలు తీసి, ఆ నకలులో ప్లగిన్ ఆఫ్ చేసి, మిగిలినదాన్ని వాళ్లకు చూపించి సంతకం తీసుకున్నాను. ఉచితమా, పెయిడా అన్నది రెండో ప్రశ్న. తీసేస్తే ఏం మిగులుతుందన్నది మొదటిది. నేను తయారుచేసిన పట్టికలో ఆ వరుస లేదు.