ఇంటర్వ్యూకి పనికిరాని సాక్ష్యం

సింగపూర్‌లో, జురాంగ్ ఐలాండ్ చమురు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా ఉన్న రోజుల్లో, కెనడా ఉత్తరాన చమురు తీసే చోట ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. దగ్గర్లో ఊరన్నది లేని చోటు. రెండు వారాలు క్యాంపులో పని, రెండు వారాలు సెలవు. చలి గురించి అందరూ భయపెట్టారు. కానీ ఆ దేశానికి భార్యనూ పాపనూ తీసుకువెళ్ళి, ఏదో ఒక నగరంలో కాపురం పెట్టవచ్చు. సింగపూర్‌లో నాకున్న వర్క్ పాస్ మీద ఆ వీలు లేదు. పాప నన్ను ఎక్కువగా ఫోన్‌లోనే చూస్తూ పెరుగుతోంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద అయిన అంకుల్ ఫ్లాట్‌లో భోంచేశాను. ఆయన షిప్‌యార్డులో సూపర్‌వైజర్‌గా ఎందరినో పనిలోకి తీసుకున్నవారు. కంచాలు తీయగానే, ఇంటర్వ్యూకి తయారు చేయడానికి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ప్రమాదం తప్పించిన సందర్భం ఒకటి చెప్పు."

సులువే అనుకున్నాను. ఆ సంగతి సంఘంలో సాక్ష్యంగా చెప్పి ఉన్నాను. "దేవుని కృప వల్ల ట్యాంకు దగ్గర మావాళ్ళంతా క్షేమంగా బయటపడ్డారండీ. ఆయనకే మహిమ."

"ఆమెన్. నువ్వేం చేశావ్?"

"నాదేముందంకుల్? ఆయనే కాపాడాడు."

"అయితే ఉద్యోగం ఆయనకే ఇస్తార్లే. నువ్విక్కడే ఉండు," అంది వంటింట్లోంచి ఆంటీ.

అంకుల్ నవ్వలేదు. "అసలేం జరిగిందో చెప్పు నాన్నా."

చెప్పాను. వెల్డింగ్ మొదలుపెట్టబోతున్నారు. గ్యాస్ ఏమీ లేదన్నట్టు మీటరు సున్నా చూపిస్తోంది. నాకెందుకో దాని మీద నమ్మకం కుదరలేదు. ఇంకో మీటరు తెచ్చి పెడితే అంకె పెరిగింది. పని ఆపించి అందరినీ వెనక్కి పంపాను.

"మరి ఇదంతా ఎందుకు మింగేశావ్?"

"గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందండీ. దేవుని మహిమ నేను లాక్కున్నట్టు."

"యెరూషలేము గోడ కట్టినవాళ్ళు ప్రార్థనా చేశారు, కావలీ పెట్టారు. కావలి సంగతి చెప్పుకున్నందుకు దేవుడు చిన్నబోయాడా?"

బైబిల్లో ఆ భాగం మీద మా సంఘం యువకులకు పాఠం చెప్పింది నేనే.

ఆ వారంలోనే వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. అవతల ఒకావిడ అదే ప్రశ్న వేసింది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అందరూ నమ్మిన మీటరును మీరెందుకు నమ్మలేదు?" అని అడిగింది.

ఆ పూట దాన్ని పరీక్షించిన గుర్తు దాని మీద లేదని చెప్పాను. అటు చూడాలన్న బుద్ధి దేవుడు పుట్టించాడని నమ్ముతానని కూడా చెప్పాను. అది చెప్పకుండా లేవడం నా వల్ల కాలేదు. ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది. రెంటిలో ఏది రాసుకుందో నాకు తెలియదు.

ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసి చెబితే నా భార్య ఏడుస్తూ స్తోత్రం చెప్పుకుంది. తర్వాత పాప స్కూలు గురించి అడిగింది.

"చలి గురించి అడుగుతావనుకున్నాను," అన్నాను.

"చలికి కోటు కొంటాం. మీరు సెలవులో ఉన్నప్పుడు మాత్రం పాపను స్కూల్లో దింపేది మీరే. ఇప్పుడే చెబుతున్నా."